దారం ఎక్కని రెండు నిమిషాలు

మార్చి 4, మంగళవారం

డైరెక్టర్ టైటిల్స్ మళ్లీ తిప్పి పంపాడు. ఇది మూడోసారి. కత్తి, రక్తపు బొట్టు, తలుపు సందు, చీకటి మెట్లు, ఇవన్నీ జనం చూసి చూసి విసిగిపోయారట. థ్రిల్లర్ అన్నాక కథ మొదలవకముందే, పేర్లు పడుతున్నప్పుడే ప్రేక్షకుడు సీటు అంచుకి వచ్చేయాలట. కానీ తెర మీద ఏమీ జరగకూడదట. ఏమీ జరగకుండా భయం ఎలా వేస్తుందో ఆయనే చెప్పొచ్చు కదా. చెప్పడు.

పన్నెండేళ్లుగా సినిమాలకు టైటిల్స్ చేస్తున్నాను. జనం పాప్‌కార్న్ వెతుక్కుంటూ సీట్లు తడుముకునే టైములో పడే పేర్లవి. వాటికింత హంగామా. అయినా ఈ సినిమా చేజారితే ఆఫీసులో తలెత్తుకోలేను.

మార్చి 6, గురువారం. ఉదయం 6.20

దొరికింది.

నాన్న టైలర్. మా సందు చివర షాపు, ముప్పై ఏళ్ల నుంచి. రోజూ షాపుకి వెళ్లేముందు కిటికీ దగ్గర కూర్చుని పన్నెండు సూదుల్లో దారం ఎక్కించి, చిన్న గుడ్డ దిండుకి గుచ్చి పట్టుకెళ్తాడు. పొద్దుటి వెలుతురు కళ్లకు మంచిదంటాడు. అసలు సంగతి చేతులు. రెండేళ్లుగా వణుకుతున్నాయి. గుడ్డ మీద చెయ్యి ఆనితే ఏ గొడవా లేదు, కుట్టు ఇప్పటికీ గీత గీసినట్టే ఉంటుంది. గాల్లో సూది పట్టుకుంటేనే చిక్కు. అది కస్టమర్ల కంట పడకుండా ఇంట్లోనే కానిచ్చుకుంటాడు. అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. తెలుసని ఎవరం పైకి అనలేదు.

ఇవాళ మంచినీళ్లకి లేచి అటు చూశాను. దారం కొస సూది బెజ్జం దాకా వెళ్లి పక్కకి తప్పుకుంది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తప్పుకుంది. నోట్లో గుక్కెడు నీళ్లు పెట్టుకుని మింగడం మర్చిపోయి నిలబడ్డాను.

కూతురన్నది వెళ్లి ఆ సూది అందుకోవాలి. నేను ఫ్రేమ్ ఎక్కడ పెట్టాలా అని చూశాను.

మార్చి 7, శుక్రవారం

ఆఫీసు కెమెరా ఇంటికి తెచ్చాను. లెన్స్ టెస్ట్ చేయాలని అమ్మకి చెప్పాను. నాన్నని అడగలేదు. అడిగితే ఒప్పుకోడు.

మార్చి 8, శనివారం

తీసేశాను. తలుపు ఓరగా వేసి, ఇవతల గదిలో స్టూలు మీద కెమెరా పెట్టి. నాలుగు నిమిషాలు. మొదటి సూదికే ఏడు సార్లు తప్పింది. ఎనిమిదోసారి ఎక్కింది. నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. ఆపేశాను.

టిఫిన్ పెడుతూ అమ్మ ఏదో అడిగితే ఉలిక్కిపడ్డాను.

మార్చి 17, సోమవారం

ఎడిట్ కుదిరింది. బాగా కుదిరింది. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను.

మొదటి పేరు ఆరు సెకన్లు. తెర నిండా ఏదో మెరిసే గీత, అది సూది అని తెలియదు. నిర్మాత పేరు తాపీగా వచ్చి తాపీగా పోతుంది. తర్వాత తెల్లటి పోగు ఒకటి లోపలికి వస్తుంది. అప్పుడు అర్థమవుతుంది. అర్థమయ్యాక మనిషన్నవాడు ఊరుకోలేడు, దారం ఎక్కాలని కోరుకుంటాడు. అక్కడి నుంచి వాడి కోరిక తీరనివ్వకపోవడమే నా పని. కొస సరిగ్గా బెజ్జం దగ్గరకి రాగానే దాని మీదే ఒక పేరు వేస్తాను. పేరు తొలగేసరికి దారం పక్కకి పోయి ఉంటుంది. ఆరు సెకన్లు, అయిదు, మూడున్నర, రెండు. మొహం చూపించను. రంగు నీలంలోకి దించాను, వేళ్లు శవం వేళ్లలా అయ్యాయి. సౌండ్ చూసే ఆయన మ్యూజిక్ మొత్తం తీసేసి ఊపిరి ఒక్కటే ఉంచాడు. ప్రతిసారీ దారం పెట్టబోయే ముందు లోపలికి పీల్చుకునే ఊపిరి. ఎవరిదో గానీ అచ్చం హంతకుడి ఊపిరే అన్నాడు. నవ్వాను. ఔను, నవ్వాను.

ఎనిమిదోసారి ఎక్కిన ముక్క కోసేశాను. ఎక్కిందంటే టెన్షన్ అయిపోయినట్టే. ఏడోసారి తప్పగానే తెర నల్లబడి కథ మొదలవుతుంది. మొత్తం రెండు నిమిషాలు.

మార్చి 20, గురువారం

డైరెక్టర్ మూడుసార్లు వేయించుకుని చూశాడు. మూడోసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఈ చేతులు ఏ ఆర్టిస్టువి అని అడిగాడు. మా దూరపు చుట్టం ఒకాయనవి అన్నాను.

మార్చి 21, శుక్రవారం

దూరపు చుట్టం.

మే 15, గురువారం

రేపు రిలీజ్. మా అమ్మాయి పేరు తెర మీద పడుతుందని నాన్న షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడట. ఆదివారం మ్యాట్నీకి నాలుగు టికెట్లు తెమ్మన్నాడు, నాలుగోది లాయరు గారికి. ఇరవై ఏళ్లుగా ఆవిడ నల్లకోట్లన్నీ నాన్నే కుడతాడు. ఆవిడకి ఆదివారం కుదరలేదు, తర్వాత చూస్తానన్నారు. బతికాను.

అంత దగ్గరగా కనిపించేలా తీసింది, నీలం రంగు వేసింది, ఎవరు గుర్తుపడతారులే అని సర్దిచెప్పుకుంటున్నాను. అబద్ధం. ఎడమ బొటనవేలి గోరు మధ్యకి చీలి ఉంటుంది. ఎప్పుడో మిషన్ సూది దిగింది. దాన్ని చెరిపేయడం కంప్యూటర్లో గంట పని. చూడ్డానికి బాగుందని ఉంచేశాను.

మే 18, ఆదివారం

చూశాం.

ఎందుకోగానీ నా పేరు చివర్లో, ఏడోసారి తప్పినప్పుడు, ఆ గోరు పక్కనే వేసుకున్నాను. అది తెర మీద పడగానే వెనక వరసలోంచి ఎవడో అబ్బా ఎక్కించరా బాబూ అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. నా పక్కన నాన్న రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. సినిమా అయ్యేదాకా తీయలేదు.

బయటికొచ్చాక నీ పేరు బాగా కనిపించింది తల్లీ అన్నాడు. అమ్మ నా వైపు చూడలేదు.

మే 21, బుధవారం

అమ్మ చెప్పింది. లాయరు గారు సినిమా చూసి నేరుగా షాపుకే వచ్చారట. ఆ గోరు చూసి గుర్తుపట్టేశానని, వణుకు అంత బాగా ఎలా నటించారని నలుగురి ముందూ తెగ మెచ్చుకున్నారట. నాన్న కూడా నవ్వి, ఏదో అమ్మాయి కోసం అన్నాడట. అక్కడితో పోయేది. ఆవిడ కోటుకి గుండీ ఊడిందట, కుట్టబోతుంటే సూదిలోంచి దారం జారిపోయిందట. దిండులో దారం ఎక్కించి ఉన్న సూది ఇంకోటి లేదు. ఆవిడ ఎదురుగానే ఎక్కించాల్సి వచ్చింది.

చివరికి ఆవిడే సూది తీసుకుని ఎక్కించి ఇచ్చారట.

మే 23, శుక్రవారం

లాయరు గారు రెండు కోట్లు కుట్టమని ఇచ్చిన గుడ్డ వెనక్కి పట్టుకెళ్లిపోయారు. తొందరేం లేదు, మీరు కాస్త రెస్టు తీసుకోండి అన్నారట. మర్యాదగానే.

మే 25, ఆదివారం

తప్పయింది నాన్నా అన్నాను. అడక్కుండా తీశాను, మీ వణుకు ఊరందరికీ చూపించాను అన్నాను. ఏడుపు ఆగలేదు. ముప్పై ఆరేళ్ల దాన్ని, ముక్కు ఎగబీలుస్తూ.

ఆ రోజు తీస్తున్నావని నాకు తెలుసు అన్నాడు. కిటికీ అద్దంలో కెమెరా కనిపించిందట. అమ్మాయికి నా పని మీద గురి ఉంది, దాచుకుంటుంది కాబోలు అనుకున్నాడట. అందుకే నిటారుగా కూర్చున్నాడట. మామూలుగా నాలుగుసార్లు తప్పితే ఆ సూది పక్కన పెట్టేసి ఇంకోటి తీసుకుంటాడు. ఆ రోజు మాత్రం నేను చూస్తున్నానని పట్టుబట్టి కూర్చున్నాడట.

ఎనిమిదోసారి ఎక్కింది కదా తల్లీ, అదెందుకు తీసేశావు అని అడిగాడు.

జవాబు నాకు తెలుసు, పన్నెండేళ్ల నుంచీ తెలుసు.

మే 26, సోమవారం

డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. ఆ ఒక్క షాటు చివర కలపమని బతిమాలాను. దారం ఎక్కించేస్తే ఇక సినిమా ఎవడు చూస్తాడు, నువ్వే కదా నాకు చెప్పావు అన్నాడు. నిజమే, చెప్పాను.

పోనీ నాన్నకైనా చూపిద్దాం, లాయరు గారిని ఇంటికి పిలిచి చూపిద్దాం అని హార్డ్ డిస్క్ తీశాను. లేదు. టైటిల్స్ డెలివరీ అయ్యాక వాడని ముక్కలన్నీ చెరిపేసి డిస్కు ఖాళీ చేయడం మా ఆఫీసు పద్ధతి. చెరిపింది నేనే, ఏప్రిల్ 2న, కాఫీ తాగుతూ. ఆ రోజు డైరీలో ఆ సంగతి రాయనైనా లేదు. తప్పిన ఏడుసార్లూ భద్రంగా ఉన్నాయి.

జూన్ 1, ఆదివారం. ఉదయం 7.00

ఈసారి అడిగాను. నాన్న సరే అని చొక్కా మార్చుకుని వచ్చాడు. కెమెరా ఎదురుగానే పెట్టాను.

మొదటి సూది, ఇరవై సార్లు తప్పింది. రెండోది అంతకంటే ఎక్కువ. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, ఇప్పుడు ఆ చేతులు మాట వినడం లేదు. నేను ఆపబోతే వద్దన్నాడు. తీస్తూ ఉండు అన్నాడు. మూడో సూది. నాలుగోది. అమ్మ వంటింట్లోంచి వచ్చి కెమెరాకి అడ్డంగా నిలబడింది. ఇక చాలు లేవండి అంది ఆయనతో.

పన్నెండు సూదులూ అమ్మే ఎక్కించింది.

జూన్ 9, సోమవారం

ఆ రోజు నిజంగానే ఎక్కిందా అని నాన్న అడిగాడు. ఎక్కింది నాన్నా, నేను చూశాను కదా అన్నాను.

సాయంత్రం మళ్లీ అడిగాడు.