పడవ ముక్కు మీద బరువు

సుగుణా,

పోయిన వారం నీ సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మీ తమ్ముడు కోటేశు ఆగాడు. ఈ ఏడు గంపలగూడెం అవతల చేపల చెరువొకటి కౌలుకి పట్టాడు. మేత చల్లడానికి, వెనక మోటారు తగిలించిన చిన్న పడవ కొన్నాడట.

"వేగం పెంచితే ముక్కు ఆకాశానికి లేస్తోంది బావా. మలుపు తిప్పితే పక్కకి ఒరిగిపోతోంది" అన్నాడు.

వాడికి ఈత రాదు. వాడి కాలికి ముల్లు గుచ్చుకుంటే నువ్వు అన్నం మానేసేదానివి. అందుకని, నువ్వు పోయాక తిరువూరు బజారుకైనా వెళ్లని నేను బయల్దేరాను.

మన మెట్టవాళ్లకి పడవలేం తెలుసు? నాకు తెలిసింది ఎడ్లబండి. మా నాన్న బస్తాలన్నీ బండి వెనకే వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడతాళ్లు బిగిసేవి. ఆ కథ నీకు వందసార్లు చెప్పాను, వందసార్లూ నిద్రపోయావు. ఇక్కడా అదే తంతు. మోటారు, పెట్రోలు డబ్బా, మేత బస్తాలు, కోటేశు, అంతా వెనకే. బస్తాలు ముందుకి జరిపించాను. పడవ బుద్ధిగా నడిచింది.

కానీ మేత చల్లేకొద్దీ బస్తాలు ఖాళీ అయ్యాయి. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ముక్కు లేచింది. నేనే పాక్కుంటూ వెళ్లి ముందు కూర్చున్నాను. "ఇంట్లో మీ మాటకి బరువేముంది లెండి" అనేదానివి. ఒంటికి ఉందిలే, ముక్కు దిగింది.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. నిన్న అడిగాను, "ఒరేయ్, నా బదులు ఇసక మూట పెట్టుకుంటే సరిపోతుంది కదరా?"

"సరిపోతుంది బావా" అన్నాడు మోటారు తాడు లాగుతూ. "కానీ మూట కబుర్లు చెప్పదు కదా."