మ్యూట్ చేయడం మరిచిన రోజు

మెదక్,
22 ఆగస్టు 2021, ఆదివారం.

ఫేబకు సుమన రాసేది.

నువ్వూ, అమ్మా, తమ్ముడు దావీదూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. ఉత్తరమన్నాక అలా రాయాలి కనుక రాశాను, నమ్మాలని లేదు.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఆఫీసు మెయిల్‌లో మన గోడు రాయబుద్ధి కాలేదు. మీ ఇల్లు చర్చి గేటు పక్కన, నా కిరాయి గది బస్టాండు వెనక. నడిస్తే ఇరవై నిమిషాలు. అమ్మకు ఆయాసమని మీరు ఎవరినీ రానివ్వడం లేదు, అది నాకు తెలుసు. అయినా ఏడాదిన్నరగా నిన్ను తెర మీదే చూడడమేమిటే? బాగుంది మన దోస్తానా!

ఇక్కడి సంగతులు మామూలే. మా ఊళ్ళో సిగ్నల్ లేదని ఈ గదిలో పడి ఉన్నాను. పైన ఇస్త్రీ కుర్తా, కింద పాత నైట్ ప్యాంటు. గోడ పెచ్చులు కనపడకుండా ఇంటామె పద్మమ్మ ఇచ్చిన పూల దుప్పటి వెనక కట్టాను. కెమెరా పెట్టాలి, వెలుగు ముఖం మీద పడాలి, ఇంట్లోవాళ్ళ చప్పుడు రావద్దు అని మన మేనేజర్ మదన్ మోహన్ సార్ రోజూ చదివే పాఠం ఉంది కదా, అందులో మూడోది నేను ఎన్నడూ తప్పలేదు.

అసలు సంగతికి వస్తాను. నెల రోజులు దవాఖానాలో ఉండి, జుట్టంతా రాలి, తలకు స్కార్ఫ్ కట్టుకుని జులైలో నువ్వు మళ్ళీ మీటింగుకు వచ్చావు. క్లయింట్లకు పని సంగతి చక్కగా చెబుతున్నావు. ఇంతలో నా మైకులోంచి, ఏం ముఖమే అది, పీనుగ లెక్కున్నవ్, గా ముఖం ఎవ్వరు చూస్తరు, కెమెరా బంద్ చెయ్ అన్న మాటలు పదకొండు మందికీ వినపడ్డాయి. వెంటనే నీ కెమెరా ఆరిపోయింది. ఆనాటి నుంచి తెర మీద నువ్వు ఒక నల్లడబ్బావే.

ఆ మాట నా గదిలోనే ఉంటున్న మా అక్క కూతురు మహతిని అన్నానని అప్పుడే చెప్పాను. ఇన్ని రోజుల సంది నీ మైకు వింటున్న, గా పిల్ల గొంతు ఒక్కసారి గూడ ఇనపడలే అని చాట్‌లో రాసి ఊరుకున్నావు. మళ్ళీ అదే చెబుతున్నాను, తిట్టింది మహతినే. కెమెరా పెట్టనివాళ్ళను ఒకటో తారీఖు నుంచి క్లయింట్ పనిలోంచి తీసేస్తానని సార్ అంటున్నాడు. నా మూలంగా నీ పని పోవద్దు. జర కెమెరా పెట్టు ఫేబా.

నీ
సుమన

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను. మహతి ఇక్కడ లేదు. ఎన్నడూ లేదు. కరోనా భయానికి అక్క పంపలేదు. ఒంటరిగా ఉన్నావా పాపం అని అందరూ అంటారని, మహతి నాతో ఉందని మీకు చెప్పాను. గదిలో నేనొక్కదాన్నే. మీటింగులో తెర మూలన కనపడే నా బొమ్మతో మాట్లాడడం అలవాటైంది. అన్నం తిన్నావా అని కూడా అడుగుతాను. ఆ రోజు నువ్వు చావుదాకా పోయి వచ్చి కూడా నవ్వుతూ మాట్లాడుతున్నావు. ఏ రోగమూ లేని నేను ఆ మూలన పీనుగలా ఉన్నాను. అన్నది నన్నే. తనతో తానే మాట్లాడుకునే పిచ్చిదంటారని సిగ్గుపడి, లేని పిల్ల మీదికి నెట్టాను. నువ్వు దూరమైనా సరే, పిచ్చిదన్న పేరు రావద్దనుకున్నాను చూడు, అదీ నా తెలివి.

రెండుసార్లు మీ గేటుదాకా వచ్చి మళ్ళిపోయాను. ఇవాళ ఇది గేటు సందులో పెట్టి పోతాను. రేపు పదింటికి మీటింగులో అందరి ముందూ ఇదే చెబుతాను. నువ్వు కెమెరా పెట్టకున్నా సరే, మైకు తీసి నాలుగు తిట్లు తిట్టు. ఏమే సుమనా అని మొదలుపెట్టు. నన్ను అలా పిలిచేది నువ్వొక్కదానివే.