ఒక్కదాని వంట

ఏమండీ,

నమస్కారం. ఇక్కడ నేను క్షేమం. అలవాటుకొద్దీ 'అందరం క్షేమం' అని రాయబోయి ఆగాను. అత్తయ్య పోయాక ఇంట్లో అందరం అంటే నేనే కదా. ఓడలో మీరూ, మీ తోటివాళ్లూ బాగున్నారని తలుస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. పై వాటావాళ్ల కుక్క ఇంకా నన్ను చూసి మొరుగుతూనే ఉంది. కొత్తవాళ్లు వస్తే మాత్రం తోక ఊపుతుంది. మీ మోకాలికి కాపడం పెట్టుకోండి. ఇంజను పక్కన నిలబడడమే కాపడం అని తప్పించుకోకండి.

ఆసుపత్రి క్యాంటీనులో పని ఎప్పటిలాగే ఉంది. గరిటె తిప్పీ తిప్పీ సాయంత్రానికి ఈ భుజం నాది కాదేమో అనిపిస్తుంది. పోయిన వారం సూపు గుండిగ దింపి, నడుం ఎత్తబోతూ కళ్లు తిరిగి పడిపోయాను. కంగారుపడకండి, ఒళ్లు ఎక్కడా కాలలేదు. డాక్టరమ్మ వచ్చి నాడి చూసింది.

"ఆఖరున ఎప్పుడు తిన్నారు?" అని అడిగింది.

వంటమనిషినై ఉండి ఏం చెప్పను?

రోజూ ఏం తింటున్నావని మీరడిగితే అన్నం, పప్పు, గుడ్డు అని రాశాను. అది అబద్ధమండీ. అత్తయ్య మంచంలో ఉన్నన్నాళ్లూ ఎంత అలసివచ్చినా పొయ్యి వెలిగించేదాన్ని. ఉప్పు తక్కువైందని ఆవిడ సణిగితే విసుక్కునేదాన్ని కూడా. ఇప్పుడు సణిగేవాళ్లు లేరు. అంతమందికి వండి ఇల్లు చేరాక, నాకోసం గుప్పెడు బియ్యం కడగాలంటే కొండ ఎక్కమన్నట్టుంటుంది. ఓ బ్రెడ్డు ముక్క, టీ. ఒక్కోరోజు అదీ లేదు.

ఆ రోజు గిన్నెలు కడిగే బక్కక్క నన్ను ఇంట్లో దిగబెట్టడానికి వచ్చింది. పేరుకే బక్కక్క, గుమ్మం పట్టని మనిషి. వస్తూనే వంటింట్లోకి దూరింది.

"పొయ్యేంటే ఇంత తళతళలాడుతోంది? వండుకునే ఇంట్లో పొయ్యి ఇలా ఉంటుందా?"

"ఒక్కదానికోసం ఏం వండుతాంలే అక్కా."

"ఒక్కదానివైతే కడుపు లేదా?"

చిన్న గిన్నెలో కాసిని బియ్యం, పిడికెడు పప్పు, ఒక టమాటా, నాలుగు బంగాళాదుంప ముక్కలు ఒకేసారి పడేసి, ఉప్పు వేసి మూతపెట్టింది. ఉడికాక కంచంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. రెండో ముద్దకే ఏడుపు తన్నుకొచ్చింది. అత్తయ్య పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

"ఏడుస్తూనే తిను, చల్లారిపోతుంది" అంది బక్కక్క.

అప్పటినుంచి వండుకుంటున్నాను. ఈ చెయ్యి గుండిగలకు అలవాటుపడింది కదా, మొదటిరోజు ఉప్పుకు నోరు పొక్కింది. ఇప్పుడు కుదురుతోంది. అన్నం ఉడికేటప్పుడే గుడ్డు కడిగి అందులో వేస్తే అదీ ఉడికిపోతుంది. ఓపిక లేని పూట పెరుగు కలుపుకుంటాను. నిలబడి మింగడం మానేసి, కూర్చునే తింటున్నాను. ఈసారి అబద్ధం కాదు.

ఇక ఉత్తరం చివర మీరు రాసిన సంగతి. కంపెనీవాళ్లు ఇంకో రెండేళ్లు ఉండమంటున్నారు, ఉండనా అని అడిగారు. ఇలా అడిగిన ప్రతిసారీ 'మీ ఇష్టం' అని రాసేదాన్ని. నా ఇష్టం ఏమిటో మీకూ తెలియనివ్వలేదు, నేనూ ఆలోచించలేదు. ఒక్కదానికి వండుకోవడం వచ్చింది, ఒక్కదాన్నే కూర్చుని తినడమూ వచ్చింది. వచ్చింది కదా అని ఇలాగే ఉండిపోమంటే మాత్రం నావల్ల కాదు. అలిసిపోయానండీ.

ఉండొద్దు. వచ్చేయండి.

ఇట్లు,
మీ ఇల్లాలు