తీసేసిన ఎడమచేతి దెబ్బలు

పాల్వంచ,
ఆదివారం.

అన్న బాలకృష్ణకు చెల్లెలు శ్రావణి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ బాగుంది, నాన్న బతికే ఉన్నాడు. ఆ రెండో మాట అట్లా ఎందుకు రాశానో కింద తెలుస్తుంది. నువ్వు కూడా హైదరాబాదులో వేళకు తింటూ ఒంట్లో బాగుండి ఉంటావనుకుంటాను.

ఇది ఫోన్లో చెప్పవచ్చు. కానీ ఫోన్లో నువ్వు నవ్వుతావు, నేను తిట్టి పెట్టేస్తాను. కాగితం మీదైతే చివరిదాకా చెప్పాల్సిందే. మొన్న గురువారం బస్సు డ్రైవరుతో పంపిన కాగితంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. నాన్న దగ్గు తగ్గింది. దవాఖానాలో ఇచ్చిన మందు సగం తాగి సగం కిటికీలో పెట్టాడు. అమ్మ తునికాకు కోయడానికి పోతోంది. నేను ఇంకా ఆ ఫోటో స్టూడియోలోనే ఉన్నాను, పెళ్ళి వీడియోలు కోసి పాటలు అతికిస్తున్నాను. ఓనరు చెంచురామయ్య గారు వచ్చిన ప్రతివాడి ముందూ "ఆ పాటల సాఫ్ట్‌వేర్ నీకెవరు నేర్పారమ్మాయ్" అని అడుగుతాడు. ఎవరూ నేర్పలేదు. ఆయన భోజనానికి పోయిన గంటలో నేనే నేర్చుకున్నాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "నా లూప్ అయిందా" అని మూడుసార్లు రాశావు, మూడోసారి కింద గీత కూడా గీశావు. ఆ డాన్సు కంపెనీ నిన్ను తీసుకోవాలంటే నీ డోలు పెళ్ళి దెబ్బను నిమిషానికి నూట ఇరవై లెక్కన, వెంట్రుకవాసి తేడా లేకుండా, మళ్ళీ మళ్ళీ తిరిగి మోగే లూప్‌గా రికార్డు చేసి ఇవ్వాలి. నెలాఖరు గడువు. నాకు తెలుసు. లూప్ అయింది. ఎందుకు ఆలస్యమైందో చదివాక వాడుకో.

నాకు నువ్వంటే కుళ్ళు. ఇది కొత్త సంగతి కాదు. నీకు ఏడేళ్ళప్పుడు నాన్న డోలు నీ మెడలో వేశాడు. అది మోకాళ్ళు దాటి వేలాడింది, నడవలేక పడ్డావు, గూడెమంతా నిన్ను ముద్దు చేసింది. ఆడపిల్ల చేతికి డోలు ఇవ్వరు కాబట్టి నేను తొడ మీద, పళ్ళెం మీద, బస్సు సీటు మీద నేర్చుకున్నాను. నీకు దెబ్బల చుట్టు తప్పితే నాన్న కంటే ముందు గుర్తుపట్టేది నేనే. ఒక్కరన్నా నన్ను అడిగారా?

నువ్వు సరిచేయమని పంపిన రికార్డును సాఫ్ట్‌వేర్‌లో వేస్తే చప్పుడు తెర మీద గుట్టల వరసలా కనిపిస్తుంది. దెబ్బ పడ్డ ప్రతిచోటా అదే ఒక గీత పెడుతుంది. గీత దగ్గర కోస్తే ఒక్కో దెబ్బ ఒక్కో ముక్క. ముక్కల్ని దగ్గరికి జరపవచ్చు, దూరంగా సాగదీయవచ్చు. పాత క్యాసెట్టు నెమ్మదిగా తిరిగితే గొంతు బొంగురుపోయేది. ఇందులో ఎంత సాగదీసినా డోలు గొంతు మారదు, నీ డోలు నీ డోలులాగే మోగుతుంది. అదే కొంప ముంచింది.

కొండమ్మ అత్త బిడ్డ పెళ్ళి నాడు మధ్యాహ్నం పందిట్లో డీజే పెట్టెలు దింపారు. టెస్ట్ చేస్తానని చెప్పి నా ల్యాప్‌టాప్ తగిలించి నీ లూప్ పెట్టాను. బాగా నెమ్మది చేసి ఉంది. అది మోగుతుంటే నేను వంగి వైర్లు సర్దుకుంటున్నాను. కాసేపటికే వాగు అవతలి రెండు గూడేల నుంచి ఆడవాళ్ళు ఏడ్చుకుంటూ వచ్చారు, కొంగుల్లో బియ్యంతో. వాళ్ళ వెనక మగవాళ్ళు. ఒకాయన చంకలో కోడి. కొండమ్మ అత్త పసుపు చేతులతో బయటికొచ్చి "ఎవరు పోయిండ్రే?" అంది. వచ్చినవాళ్ళలో ఒకామె నన్ను పట్టుకుని "మీ నాయన పోయిండా బిడ్డా" అని గుండె బాదుకుంది.

అప్పుడు విన్నాను. ఒక బరువు దెబ్బ, ఎడం, రెండు బరువు దెబ్బలు. మనిషి పోతే కొట్టే వరుస. విన్నవాళ్ళు చేతిలో పని వదిలి కదలాల్సిన వరుస. అది నీ చేయి అని కూడా అందరూ గుర్తుపట్టారు. పట్నంలో ఉన్న బాలకృష్ణ వచ్చి చావు దెబ్బ కొడుతున్నాడంటే పోయింది మన నాన్న గంగయ్యే అనుకున్నారు.

నాన్నకూ వినబడింది. చేనులోంచి పరుగెత్తుకుంటూ వచ్చి "ఎవరు? ఎవరు పోయింది?" అన్నాడు. ఏడ్చేవాళ్ళు నోళ్ళు తెరిచి అట్లాగే ఆగిపోయారు. కోడి తెచ్చినాయన మెల్లగా "నువ్వే మామా" అన్నాడు.

నవ్వు వచ్చే సంగతే, కానీ ఎవరూ నవ్వలేదు. పెళ్ళి పందిట్లో చావు దెబ్బ మోగింది. గూడెం పెద్ద దూలయ్య తాత అక్కడే కూర్చుని మాట చెప్పాడు: "బాలకృష్ణ చావు దెబ్బను పట్నంల పాటలకు అమ్ముకుంటున్నడు. వచ్చే భూమి పండుగకు వాని మెడల డోలు ఎయ్యొద్దు." నాన్న తల వంచుకున్నాడు. నువ్వు వచ్చినప్పుడు మెల్లగా చెబుతానని, ఫోన్లో అనొద్దని మాకు చెప్పాడు.

నేను అక్కడే ఉన్నాను. ల్యాప్‌టాప్ నా ఒడిలోనే ఉంది. నోరు తెరవలేదు.

భయపడి ఊరుకోలేదు అన్నా. సంతోషపడి ఊరుకున్నాను.

నువ్వు పెళ్ళి దెబ్బే పంపావు. దాన్ని చావు దెబ్బ చేసింది నేను. బరువు దెబ్బల మధ్య నీ ఎడమచేయి వేసే చిన్న దెబ్బలు, చేటలో గింజలు ఎగిరినట్టు పడేవి, వాటికోసమే కదా ఊళ్ళన్నీ నీ పేరు చెప్పేది. అవి నా తొడ మీద ఎప్పుడూ పలకలేదు. పద్నాలుగేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. తెర మీద అవి సన్నగా, బారుగా కనబడేసరికి ఒళ్ళు మండింది. ఒక్కొక్కటే పట్టి తీసేశాను. మిగిలినవాటిని సాగదీశాను. పెళ్ళిలో అందరి ముందూ మోగించి, బాలకృష్ణ చేయి మొద్దుబారిందని అనిపించాలనుకున్నాను. టెస్ట్ అన్నది అబద్ధం. ఏ వరుస తయారైందో మాత్రం నిజంగా తెలియదు. ఓనరు అరుస్తాడని చప్పుడు ఆపి, తెర మీద బొమ్మ చూసుకుంటూ కోశాను. చెవితో చేసే పనిని కంటితో చేశాను.

పదకొండు రోజులు అట్లాగే తిరిగాను. అప్పుడు నీ కాగితం వచ్చింది. "నాన్న చెవి కంటే నీ చెవి మీదే నాకు నమ్మకం" అని రాశావు. చదివి ఇంకా కోపం వచ్చింది. ఆ మాట ఒక్కసారన్నా మనుషుల ముందు అని ఉండవచ్చు కదా. అయినా శుక్రవారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తీసుకుని, నాన్నను వెంటబెట్టుకుని దూలయ్య తాత ఇంటికి పోయాను.

"గీ గీతలేంది?" అన్నాడు తాత.

"ఒక్కో గీత ఒక్కో దెబ్బ తాతా."

నీ అసలు రికార్డు వినిపించాను. కళ్ళు మూసుకుని "ఇది పెండ్లిదే" అన్నాడు. తర్వాత నేను కోసింది, చప్పుడు బాగా తగ్గించి వినిపించాను. చేత్తో ఆపమన్నాడు.

"రెండిట్ల చేయి వానిదే గదా?"

"చేయి మా అన్నది. వరుస నాది."

"అంటే పెండ్లి నాడు కొట్టింది నువ్వు."

"కొట్టలే తాతా. కోసిన."

"మంది ఏడ్చుకుంట వచ్చిండ్రా లేదా? మీ నాయన ఉరికొచ్చిండా లేదా?"

"వచ్చిండు."

"గట్లయితే కొట్టినవ్. డోలు వట్టినోడు వరుస తప్పితే ఏం కట్టాల్నో గది కట్టు. బాలకృష్ణ మీది మాట తీసేస్తున్న."

నాన్న అడ్డం వచ్చాడు. "ఆడపిల్లకు డోలోళ్ళ తప్పు ఎట్ల ఏస్తవ్ మామా? మనల గట్ల లేదు గదా."

"చావు దెబ్బతోని మూడు గూడేలను కదిలిచ్చింది," అన్నాడు తాత. "ఇంకేం తప్పు ఎయ్యాలె?"

శనివారం కట్టాను. ఒక కోడి, కుండెడు కల్లు. డోలు పట్టేవాళ్ళ వరుసలో చివర కూర్చోబెట్టి నా పేరూ, నేను తప్పిన దెబ్బ పేరూ గట్టిగా చెప్పించారు. అమ్మ సిగ్గుతో మొహం తిప్పుకుంది.

ఈ కాగితంతో పెట్టిన మెమరీ కార్డులో రెండు రికార్డులు ఉన్నాయి. ఒకటి నూట ఇరవైకి సరిచేసింది. నీ ఎడమచేతి దెబ్బ ఒక్కటీ పోలేదు, ఈసారి వింటూ చేశాను. రెండోది నేను ముట్టుకోనిది. నాలుగో చుట్టులో నువ్వు పరుగు తీస్తావు చూడు, అది వాళ్ళ లెక్కలో తప్పు, నా లెక్కలో కాదు. ఏది ఇవ్వాలో నువ్వే తేల్చుకో. భూమి పండుగకు డోలు నీ మెడలోనే పడుతుంది, సెలవు పెట్టుకుని రా. నువ్వు వాయిస్తుంటే మళ్ళీ కుళ్ళుకుంటాను. అది తగ్గే జబ్బు కాదు.

ఇంకొకటి. తప్పు కట్టేటప్పుడు నేను తల వంచుకునే ఉన్నానని, పాపం పిల్ల చిన్నబోయిందని అందరూ అనుకుంటున్నారు. డోలోళ్ళ వరుసలో కూర్చున్నానని నవ్వు ఆగక వంచుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పకు.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న చెల్లెలు
శ్రావణి