ఒకే ఒక్క లోపం

బుధవారం, మధ్యాహ్నం

తమ్ముడికి చిన్నక్క రాసేదేమంటే,

ఒక మనిషి కాళ్లు కాల్చావు నువ్వు. అగ్గిపుల్ల గీయలేదు, మరిగే నీళ్లు నీ చేత్తో పోయలేదు. ఆదివారం అనుబంధంలో అర పేజీ రాశావు. దానికే కాలాయి.

కుశలప్రశ్నలు ముందు అడగడం మర్యాద కాబట్టి అడుగుతున్నాను. నువ్వూ, మరదలూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ బాగానే ఉన్నాను. నా మోకాళ్లూ నా పత్రికా రెండూ ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. మర్యాద అయిపోయింది, ఇక విను.

నీ వ్యాసం ఎదురుగా పెట్టుకునే ఇది రాస్తున్నాను. "చౌకలో పాతకాలపు సొగసు" అని శీర్షిక. ఈ నగరానికి పని మీద వచ్చిన మామూలు మనిషికి, తాహతుకు తగ్గ అద్దెలో, కాస్త కళ ఉన్న గది దొరకడం ఎంత కష్టమో మొదట రాశావు. నిజమే. కొత్త హోటళ్లన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా ఉంటాయనీ, కిటికీ తెరుద్దామంటే రెక్కే ఉండదనీ రాశావు. అదీ నిజమే. పాత కిటికీలకు నేను శత్రువుని కాను. ఒక బడిపంతులు, ఒక నర్సు, కూతురి చేత పరీక్ష రాయించడానికి వెంట వచ్చిన తల్లి, వీళ్లకూ ఎత్తైన కప్పు కింద, పెద్ద కిటికీ పక్కన ఒక రాత్రి నిద్ర దక్కాలి. సొగసు డబ్బున్నవాడి సొత్తు కాదు. ఈ మాట నువ్వు రాయకముందు నేనే ఒక సంపాదకీయంలో రాశాను. నా దగ్గర ఎత్తుకున్నావు. పోనీలే, ఇంటి దొంగతనం.

తర్వాత ఆ మూడంతస్తుల లాడ్జిని వర్ణించావు. తాళంచెవికి కట్టిన చెక్కముక్క, మచ్చలు పడిన నిలువుటద్దం, చేత్తో అతుకులు కుట్టిన దుప్పట్లు, అన్నీ ముచ్చటగా రాశావు. నీకు ఆ చెయ్యి ఉంది, కాదనను. ఆపైన బకెట్టు. తెల్లవారకముందే గది ముందుకు ఇత్తడి పిడి ఉన్న రాగి బకెట్టులో పొగలు కక్కే నీళ్లు వస్తాయనీ, కుళాయి తిప్పితే వచ్చే వేడికీ ఒక మనిషి మోసుకొచ్చిన వేడికీ తేడా ఒంటికి తెలుస్తుందనీ రాశావు. చదివి నేను కూడా ఒక్క క్షణం కరిగాను. ఆ తర్వాత లెంపలేసుకున్నాను.

ఎందుకంటే దాని కిందే ఇంకో పేరా ఉంది. అంతా పొగిడి చివర ఒక లోపం చూపిస్తే రాసినవాడు నిష్పక్షపాతిలా కనిపిస్తాడు. మన వృత్తిలో అందరికీ తెలిసిన కిటుకే. నీ మాటలే దించుతున్నాను. "ఒకే ఒక్క లోపం. తెల్లవారుజామున వెనక మెట్ల మీద ఎవరివో రబ్బరు చెప్పులు టపటపలాడుతూ నిద్ర చెడగొడతాయి. ఆ చప్పుడొక్కటి ఆగితే ఇది స్వర్గమే. వచ్చే చలికాలం మళ్లీ ఇక్కడే దిగుతాను."

ఎవరివో చెప్పులట. చెప్పులు నడుస్తున్నాయంటే వాటిలో కాళ్లుంటాయి. ఆ కాళ్ల మీద ఒక మనిషి ఉంటుంది. ఆ మనిషి రెండు చేతుల్లో నువ్వు పై పేరాలో పొగిడిన బకెట్లుంటాయి. ఒకే మనిషి. ఒక పేరాలో నీకు సొగసయింది, పక్క పేరాలో చప్పుడయింది. దూరపు కొండలు నునుపంటారు. నువ్వు దగ్గరికెళ్లి, పడుకుని లేచి, ఆ నీళ్లతో స్నానం చేసి కూడా నునుపనే రాశావు.

ఆమెను లాడ్జిలో నీళ్లమ్మ అంటారు. ఆమె సంగతి నాకు చెప్పింది అక్కడ దుప్పట్లు ఉతికే మనిషి. పోయిన సోమవారం మా పత్రికాఫీసు మెట్లెక్కి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, నీ వ్యాసం నా బల్ల మీద పెట్టింది. ఇది రాసినాయన మీ తమ్ముడే కదా, ఇంటిపేరు కలిసింది అంది. అవునన్నాను. అయితే ఆయన చేతే ఇంకోటి రాయించండి, ఈసారి మా మీద కాకుండా మా మెట్ల మీద రాయమనండి అంది. ఏమైందని అడిగాను. మీ ఇంట్లోవాళ్లు రాయడమేగానీ చదవరా ఏంటమ్మా అని ఎదురడిగింది. ఆ దెబ్బ నీకు తగలాల్సింది, నాకు తగిలింది.

ఆమె వెంటే లాడ్జికి వెళ్లాను. ముందు వైపు నువ్వు రాసినట్టే ఉంది. వెనక వైపు నువ్వు రాయలేదు. నేలమాళిగలో బాయిలరు. అక్కడి నుంచి పై అంతస్తు దాకా పనివాళ్లకని ఇరుకు చెక్క మెట్లు, ఒక్కో మెట్టూ మధ్యలో అరిగి గుంట పడింది, మలుపు దగ్గర పట్టుకోవడానికి కమ్మీ లేదు. పెరట్లో గోడవారగా కొత్త గొట్టాలు కట్టలు కట్టలుగా పడున్నాయి, చుట్టిన అట్ట కూడా విప్పలేదు. ఇవేంటని ఓనర్ని అడిగాను.

ఆయన దాచలేదు. ఒట్టమ్మా, గదులకు వేడినీళ్ల కోసం వేద్దామనే తెచ్చాను, మేస్త్రీతో మాట్లాడాను కూడా అన్నాడు. ఈలోగా మీ తమ్ముడుగారి పుణ్యమా అని ఫోన్లు మొదలయ్యాయి, గది ఉందా అని కాదు, బకెట్టు వస్తుందా అని అడుగుతున్నారు, ఇప్పుడు గొట్టం పెడితే నాకూ ఆ ఎదురు హోటలుకీ తేడా ఏముంటుంది అన్నాడు. తేడా నేను చెబుతాను, మీరు రెండు బకెట్లు పట్టుకుని ఒక్కసారి పైకెక్కి రండి అన్నాను. నాకు నడుం పట్టేస్తుందమ్మా అన్నాడు. వెటకారంగా అనలేదు, నిజంగానే అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. రిసెప్షన్‌లో తాళంచెవుల పక్కన నీ వ్యాసం ఫ్రేము కట్టి పెట్టాడు. నీ ఫొటో ఉంది అందులో. నవ్వుతున్నావు.

జరిగింది ఇది. నువ్వు రాయకముందు సగం గదులు ఖాళీగా ఉండేవి. దిగినవాళ్లలో కొందరే పొద్దున్నే నీళ్లడిగేవారు, మిగతావాళ్లు ఎండెక్కాక లేచేవారు. నువ్వు రాశాక గదులన్నీ నిండాయి, అందరికీ ఒకే వేళకు బకెట్టు కావాలి, పొగలు కక్కుతూ కావాలి. మోసేది మాత్రం ఆ ఒక్క మనిషే. నీ వ్యాసం ఫ్రేము ఎక్కిన వారంలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడు కూడా ఆగిపోయింది. చిందిన నీళ్లతో నానిన చెక్క, దాని మీద వట్టి పాదాలు. మలుపు దగ్గర జారింది. చేతిలోవి రెండూ ఆమె మీదే పడ్డాయి. మోకాళ్ల కింద నుంచి పాదాల దాకా.

ఆమె గట్టిగా అరవలేదట. పై అంతస్తులో ఒకావిడ తలుపు తీసి, నీళ్లింకా రాలేదేంటని కేకేసిందట. ఆవిడ చెడ్డదేం కాదు. సంగతి తెలిశాక పరిగెత్తుకొచ్చి, నీళ్లమ్మ తలను ఒళ్లో పెట్టుకుని బండి వచ్చేదాకా అక్కడే కూర్చుందట. నీ పాఠకులంతా అలాంటివాళ్లే, నాకు తెలుసు. మంచివాళ్లే. నువ్వు చూపించిన వైపు చూస్తారు, అంతే.

నువ్వేమంటావో కూడా తెలుసు. వర్ణించడమే నా పని, ఓనరు ఏం చేసుకుంటే నాకేంటి అంటావు. మెట్లు నేను కట్టలేదంటావు. వాదనలు నీకు నేర్పింది నేనే, నా దగ్గర చెల్లవు. చౌక అని రాసినవాడు, అది ఎవరి ఒంట్లోంచి తీస్తే చౌకయిందో చూడొద్దా? గది అద్దె తక్కువెందుకంటే గొట్టాలు చేయాల్సిన పని ఆమె భుజాలు చేశాయి కాబట్టి. సొగసెందుకంటే ఆ భుజాలు నీకు తలుపు అవతల ఉండిపోయాయి కాబట్టి. బాగుచేయని ప్రతిదానికీ నువ్వొక ముద్దుపేరు పెట్టావు. ముద్దుపేరు పడ్డాక ఇక దాన్ని ఎవడు బాగుచేస్తాడు? ఆ గొట్టాల్ని పెరట్లో పడుకోబెట్టింది ఓనరు పిసినారితనం కాదు, నీ శైలి.

ఆసుపత్రికి వెళ్లాను. తొడ నుంచి చర్మం తీసి కాళ్లకు వేస్తామని డాక్టరు చెప్పింది. నిలబడుతుందట, నాలుగడుగులు వేస్తుందట, మెట్లెక్కే పని మాత్రం ఇక మర్చిపొమ్మంది. ఆ మాట విని నీళ్లమ్మ, మెట్లు నన్ను మర్చిపోవాలి కదమ్మా అంది. కట్లు మార్చేటప్పుడు నర్సు గోరువెచ్చని నీళ్లు తెస్తే, ఇవి నీళ్లా, నేనైతే ఇలాంటివి గడప దాటనిచ్చేదాన్నా అని దెబ్బలాడింది. పక్క మంచాలవాళ్లు నవ్వారు. నర్సు గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగిందే గానీ, ఆమె భుజాలు అదరడం నాకు కనబడింది. కట్టు విప్పాక చూశాను. అది నీకు రాయను. వర్ణన నీ పని.

నీ నుంచి నాకు కొన్ని కావాలి. ముందు దీని కింద ఉన్నది చదువు, కావలసినవి ఆఖర్న ఉన్నాయి.

ఉంటాను,
నీ చిన్నక్క

తా.క. పైనంతా ఎవరో ఒక నీళ్లమ్మ గురించి అనుకునే చదివుంటావు. అలా చదవాలనే అలా రాశాను. ముందే చెబితే సొంత మనిషి కోసం ఏడ్చేవాడివి. ముక్కూమొహం తెలియని మనిషి కోసం నీకు సిగ్గేస్తుందా అని చూడాలనుకున్నాను.

ఆమె మన పెద్దక్క. నువ్వు రెండో తరగతిలో ఉండగా ఇష్టపడ్డవాడితో వెళ్లిపోయిందని నాన్న ఇంట్లో పేరు కూడా ఎత్తనివ్వని పెద్దక్క. నాన్న పోయాక నేను వెతికాను, దొరకలేదు. బావ పోయాక ముఖం చెల్లక మన దగ్గరికి రాలేదట. మొన్న వార్డులో నేను సంచీలోంచి పెన్నూ కాగితమూ తీసి, పేరేంటమ్మా అని అడిగాను. ఆమె నన్ను చూసి, చిన్నప్పుడు మీరిద్దరూ నన్ను ఏడిపించడానికి పిలిచే పేరుతో పిలిచింది. పెన్ను ఎక్కడ పడిందో తెలియదు.

లాడ్జిలో ఆమె నిన్ను మొదటి రోజే గుర్తుపట్టింది. నీ కనుబొమ మీద గాటు ఉంది చూడు, ఆమె చంక నుంచి జారిపడినప్పుడు తగిలింది అది. నువ్వు తలుపు తీసి, ఫోనులోంచి తలెత్తకుండా, అక్కడ పెట్టమ్మా అన్నావట. ఆమె కిందికి దిగి, నువ్వు అడక్కుండానే ఇంకో బకెట్టు తెచ్చి పెట్టింది. నీకు చిన్నప్పుడు చలెక్కువ.

ఇక చెప్పుల సంగతి. అవి ఎవరు తీయించారో పైన రాయలేదు. నువ్వు ఓనరే అనుకుని ఉంటావు, నేనూ అనుకున్నాను, ఆయనతో పోట్లాడాను కూడా. ఆయన చెప్పలేదట. గోడ మీద నీ వ్యాసం చదివించుకుని ఆమే చెప్పులు విడిచేసింది. వచ్చే చలికాలం వస్తానన్నాడు, ఈసారైనా వాడు పొద్దెక్కేదాకా పడుకుంటాడని విడిచేశాను అని నాతో అంది. దీన్ని ఏ వాదనలో ఇమడ్చాలో నాకు తెలియడం లేదు. రెండు రోజులుగా ప్రయత్నిస్తున్నాను.

వాడికి చెప్పొద్దు, రాసుకుని బతికేవాడు, చెయ్యి వణుకుతుంది అని నా చేత మాట తీసుకుంది. మాట తప్పి రాస్తున్నాను.

నాకు కావలసినవి:

ఒకటి. అదే అనుబంధంలో, అంతే పెద్ద అక్షరాల్లో, ఆ వ్యాసంలో నువ్వు చూడనిదంతా రాయి. అక్క సంగతి అందులో రాకూడదు.

రెండు. లాడ్జికి వెళ్లొద్దని రాయకు, మిగతా పనివాళ్ల పొట్ట కొట్టినట్టవుతుంది. వెళ్లిన ప్రతివాళ్లూ గొట్టాలు ఎప్పుడు వేస్తారని ఓనర్ని అడగమని రాయి.

మూడు. ఆ ఫ్రేము గోడ మీంచి తీయించు.

నాలుగు. ఇక ముందు ఏ లాడ్జి గురించి రాసినా, ముందు వెనక మెట్లు ఎక్కి దిగి రాయి.

ఐదు. ఈ శనివారం లోపు రా. ఆడవాళ్ల వార్డు, కిటికీ వైపు చివరి మంచం. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా లోపలికి రానిస్తారు.

ఆరు. నేను రాశానని చెప్పకు. ఆ రోజు తలుపు దగ్గరే అనుమానం వచ్చిందని చెప్పు.