కెమిస్ట్రీ పక్కన లెక్కలు

గద్వాల, జూన్ 1944, ఆదివారం

బీఎస్సీలో కెమిస్ట్రీతోపాటు జువాలజీ, బాటనీ తీసుకుందామనుకున్నాను. నాయన చక్కెర జబ్బు ఒంట్లో ఎక్కడ పుడుతోందో తెలియాలంటే నాకు ఆ చదువే కావాలి. పట్నంలో నన్ను తన ఇంట్లో ఉంచుకునే మామ పొద్దున వచ్చి తేల్చేశాడు.

"కప్పలు కోసిన చేతులతోని మా వంటింట్లకు వస్తవా? లెక్కలు తీస్కో."

నాయన నా మొహం చూడలేదు. "మామ చెప్పినట్లు ఇను బిడ్డా. నాకేమైందిప్పుడు, మంచిగనే ఉన్న కద."

సరేనన్నాను. కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు. వాటిలో ప్రాణమున్నదేదీ ఉండదు, మామ వంటిల్లు మైలపడదు.

సాయంత్రం పెరట్లోకి వెళ్తే, రాత్రిళ్లు మూత్రానికి కూర్చునే గోడ దగ్గర నాయన వంగి ఉన్నాడు. అక్కడ పట్టిన చీమల మీద, నేను చూస్తానేమోనని, గబగబా బూడిద చల్లుతున్నాడు.