మిర్జా బావగారికి బీమా లేదు

మంగిస్తావ్ చమురు బావుల దగ్గర నుంచి,
జూన్ 2004

ప్రియమైన ఉల్బొసిన్‌కి,

నేను క్షేమం. ఇసుక తింటున్నాం, ఇసుక తాగుతున్నాం, మధ్యలో వీలు చిక్కితే నిద్రపోతున్నాం. మా షిఫ్టు అక్టోబరు దాకా పొడిగించారు. ముందు నన్ను నాలుగు తిట్టుకో, ఆ తర్వాత మిగతాది చదువు.

అమ్మని కంటి ఆపరేషన్‌కి చుంజా ఆసుపత్రికి తిప్పాలి కదా. అన్నయ్య నివా కారులో మాత్రం వద్దు. అది ఎక్కి దిగితే కళ్ళు బాగుపడినా నడుము పోతుంది. మన జిగులి కారు షెడ్డులో ఊరికే పడి ఉంది. అన్నయ్యనే నడపమను.

అయితే ఒక చిక్కుంది. ఇక్కడ నా పక్క మంచం వాడు సెలవులో వెళ్ళి బావమరిది కారు నడిపి ఎవరినో గుద్దాడు. తన సొంత కారుకి బీమా ఉంది కాబట్టి ఏ కారు నడిపినా అదే కాస్తుందనుకున్నాడు. కాయలేదు. ఆ కారు పాలసీలో ఎవరి పేర్లు రాశారో వాళ్ళు నడిపితేనే చెల్లుతుందట. ఇప్పుడు జీతమంతా అటే పోతోంది. భోజనం దగ్గర కూడా మాట్లాడటం మానేశాడు.

అన్నయ్యకి ఈ సంగతి చెబితే నవ్వేస్తాడు. జిగులి పాలసీ నీ పేరు మీద తీసుకున్నాం కాబట్టి నువ్వే ఆఫీసుకి వెళ్ళి ఆయన పేరు అందులో ఎక్కించు. అది అయ్యేదాకా కారు తాళం ఇవ్వకు. అమ్మకి నా ముద్దులు. నీకు మిగిలినవన్నీ.

నీ ఖువాన్


మన ఊరు,
జూలై

ప్రియమైన ఇంటాయనకి,

తిట్టుకోవడం అయింది. రెండు తిట్లు మిగిలాయి, అక్టోబరులో ఎదురుగా తిడతాను.

మీరు చెప్పిన పని చేశాను. అత్తమ్మని డాక్టరుకి చూపించాల్సిన రోజే కలిసొచ్చేలా బస్సులో వెళ్ళాం. బస్సులో గొర్రెలు కూర్చున్నాయి, మేం నిలబడ్డాం. బీమా ఆఫీసులో ఉన్నది మన కజక్ మనిషే, కానీ అల్మాటీ పట్నంలో పుట్టి పెరిగాడట. కజక్ మాట్లాడుతుంటే నోట్లో వేడి దుంప పెట్టుకున్నట్టు ఉంటుంది. అత్తమ్మ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుంది. నేను అన్నీ అడిగాను. "మా మిర్జా బావగారికి తన కారు బీమా ఉంది కదా, అది చాలదా?" అన్నాను.

"అక్కా, మీ గుర్రానికి వేసిన జీను పక్కింటి గుర్రం మీదికి దానంతట అదే ఎక్కుతుందా?" అన్నాడు. మాట నచ్చింది. మనిషి మంచివాడే అనుకున్నాను. పేరు అడిగి రాసుకున్నాడు. లైసెన్సు నంబరు తర్వాత తెచ్చి చెప్పమని ముద్ర కొట్టాడు.

ఇంటికొచ్చి లైసెన్సు అడిగితే మిర్జా బావగారు ఏమన్నారో తెలుసా? "లైసెన్సు ఉండేది నా జేబులో అమ్మాయ్, ఆఫీసు సొరుగులో కాదు. అయినా ముప్ఫై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాడికి బీమా మనిషితోనే ఉంటుంది. టోపీ లాగా." మరీ అడిగితే బాగుండదని ఊరుకున్నాను.

ఆయన మూడు ఆడగుర్రాలూ ఈనాయి. పొద్దుటి నుంచి పొద్దుగుంకే దాకా పాలు పితకడమే పని. పులిసిన పాల వాసన గోడలకి కూడా పట్టింది. చలికాలంలో గడ్డి దగ్గర మాకు మాటామాటా వచ్చిందని మీరు బెంగపడ్డారుగా, అది పోయింది. నిన్న నాకు పెద్ద గిన్నె నిండా పోసి, "తాగు, తాగి మళ్ళీ పోట్లాడు" అన్నారు.

నాకు మాత్రం వేసవి అంతా బస్సు మెట్ల మీదే గడుస్తోంది. కాళ్ళు ఇంటికొచ్చాక కూడా ఊగుతున్నాయి.

మీ ఉల్బొసిన్


మంగిస్తావ్,
జూలై

ప్రియమైన ఉల్బొసిన్‌కి,

మన ఊరి వంటవాడు సెలవు మీద వస్తుంటే అతని చేతికి నాలుగు ముక్కలు ఇస్తున్నాను. పేరు ఎక్కించావని చదివి హాయిగా నిద్రపోయాను. ఇక్కడ అది చిన్న సంగతి కాదు. ఇక తాళం ఇచ్చెయ్.

పక్క మంచం వాడు పని మానేసి వెళ్ళిపోయాడు. పరుపు చుట్టి పెట్టారు. అటు తిరిగి పడుకోలేకపోతున్నాను.

నీ ఖువాన్


మన ఊరు,
ఆగస్టు

ప్రియమైన ఇంటాయనకి,

ముందే చెబుతున్నాను, అందరూ బతికే ఉన్నారు. ఇప్పుడు కూర్చుని చదవండి.

ఆపరేషన్ కట్టు విప్పించడానికి అత్తమ్మని తీసుకెళ్తుంటే చుంజా మార్కెట్ మలుపులో మిర్జా బావగారు హషిమ్‌జాన్ వ్యానుని గుద్దారు. దోసపళ్ళు అమ్మే ఉయ్‌గుర్ ముసలాయన, మీకు తెలుసు. ఆయన చెయ్యి విరిగింది. వ్యాను ముందు భాగం లోపలికి పోయింది. పళ్ళు రోడ్డంతా దొర్లి పగిలాయి. అత్తమ్మకి ఏమీ కాలేదు, "ఇంత తీపి వాసన ఎక్కడిదే?" అని అడిగింది. కళ్ళకి కట్టు ఉంది కదా.

పోలీసు వచ్చాడు. బావగారు దర్జాగా జేబులోంచి తన పాలసీ తీసి ఇచ్చారు. పోలీసు దాన్ని చదివి, "పెద్దాయనా, ఇది నివాది. గుద్దింది జిగులి" అన్నాడు. "రెండూ నడిపేది నేనే కదా" అన్నారు ఈయన. "ఇన్సూరెన్సువాళ్ళు ఎవరు నడిపారని మాత్రమే అడగరు, దేన్ని నడిపారనీ అడుగుతారు" అన్నాడు. అప్పుడు నేను నిబ్బరంగానే జిగులి కాగితం తీసిచ్చాను. పోలీసు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో మిర్జా అని ఉంది. మిర్జా ఎవరు?"

ఏం జరిగిందో నాకు అప్పుడు తెలిసింది. ఆఫీసువాడు పేరు అడిగినప్పుడు నేను మిర్జా బావగారనే చెప్పాను. అలవాటు కొద్దీ చెప్పానో, వెనక అత్తమ్మ వింటోందని చెప్పానో నాకే తెలియదు. మీ ఇంట అడుగు పెట్టిన రోజున పెద్దల పేరు పలకకూడదని చెప్పారు, నాకు తోచిన పేరు పెట్టుకుని పిలవమన్నారు. దొరలా ఉన్నారు కాబట్టి మిర్జా అన్నాను. అప్పటి నుంచీ నా నోట ఆయన అదే. ఆ పట్నంవాడు "ఇదే అసలు పేరా?" అని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. కోడలు పెట్టుకున్న పేరని వాడికి తెలియదు, వాడికి తెలియదని నాకు తెలియదు.

బీమా ఆఫీసులో అందరికీ పైనున్న పెద్దావిడని కలిశాను. మంచిదే, కానీ అలిసిపోయినట్టుంది, నాలాగే. "లైసెన్సు నంబరు లేకుండా ముద్ర వేయడం మా మనిషి తప్పు కూడా. పాలసీ మీ పేరు మీద ఉంది. నెలాఖరులోగా మీరే వచ్చి, మిర్జా అంటే ఎవరో ఇక్కడ అందరి ముందూ అసలు పేరుతో చెప్పి సంతకం పెట్టండి. చూస్తాను. లేదంటే ఆ ముసలాయనకి మీ బావగారే కట్టుకోవాలి" అంది.

కట్టాలంటే ఆయన దగ్గర ఆ గుర్రాలు తప్ప ఏమున్నాయి? అవి అమ్మితే వచ్చే వేసవికి ఆయన చేతిలో పని ఉండదు. ఇంట్లో సంగతి ఎత్తాను. అత్తమ్మ విని టీ గిన్నె పక్కన పెట్టింది. తర్వాత, "మా అత్త చచ్చిపోయాక కూడా నేను ఆమె మరిది పేరు పలకలేదు" అంది. అంతే. అది వద్దనడమో, మరేమిటో తేల్చుకోలేకపోయాను. మీరేమంటారో రాయండి.

మీ ఉల్బొసిన్


మంగిస్తావ్,
ఆగస్టు

ఉల్బొసిన్‌కి,

నీ ఉత్తరం చదివి గోడకేసి బూటు విసిరాను. ఫోర్‌మన్ కాళ్ళు పట్టుకున్నా సెలవు దొరకలేదు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. చలికాలం గడ్డి గొడవ మనసులో పెట్టుకుని చేశావా? అన్నయ్యంటే నీకు ఎప్పుడూ ఇష్టం లేదు. అందరూ 'ఇనుపదారి' అనే రైలుపట్టాల్ని కూడా నువ్వు 'నల్లదారి' అంటావు, ఎందుకంటే ఇనుము అంటే అన్నయ్య పేరులో సగం పలికినట్టవుతుందని. అంత పట్టింపు ఉన్నదానివి ఆఫీసులో పేరు చెప్పలేనని నాకు ముందే రాయొద్దా? 'ఎక్కించాను' అని రాశావు. నేను నిద్రపోయాను.

ఈ పైది పొద్దున రాశాను. చింపేద్దామనుకున్నాను. రాసిన బుద్ధి కూడా నాదే కాబట్టి ఉండనిస్తున్నాను. పని నుంచి వచ్చి స్నానం చేసి మళ్ళీ కూర్చున్నాను. నువ్వు కావాలని చేసేదానివి కాదు. నాకు తెలుసు. తెలిసి కూడా అడిగాను, ఎందుకంటే ఇక్కడ నా కోపం వినే మనిషి వేరే లేరు.

ఇప్పుడు నా మాట విను. వెళ్ళి చెప్పు. తెమిర్బోలాత్. ఇనుమూ ఉక్కూ కలిపి మా నాన్న పెట్టిన పేరు అది. ఒక్కసారి అంటే ఆకాశం ఊడిపడదు. అమ్మ ఏమన్నా ఆ మాట నా మీద వేసుకుంటాను. నా మొగుడు చెప్పమన్నాడని చెప్పు.

నీ ఖువాన్


మన ఊరు,
సెప్టెంబరు

ప్రియమైన ఇంటాయనకి,

గడ్డి గొడవ గురించి మీరడిగింది చదివి ఏడ్చాను, తర్వాత రెండో సగం చదివి ఉత్తరం మడిచి పెట్టుకున్నాను. కోపం పూర్తిగా పోలేదు. పోయాక చెబుతాను.

గడువు ఆఖరి రోజున చుంజా వెళ్ళాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, పిండి కొనడానికన్నాను. ఆఫీసులో పెద్దావిడ, ఆ దుంపనోటి మనిషి, చేతికి కట్టుతో హషిమ్‌జాన్ కూర్చుని ఉన్నారు. "చెప్పండి" అంది ఆవిడ. నోరు తెరిచాను, మాట రాలేదు. కళ్ళ ముందు మన పెళ్ళినాటి గడప కనిపించింది. హషిమ్‌జాన్ లేచి, "నేను బయటికి వెళ్తానమ్మా, నాకు వినపడకపోతే నీకు తేలికేమో" అన్నాడు. ఆయన మంచితనానికే నాకు సిగ్గేసింది. ఉండమన్నాను.

"తెమిర్బోలాత్" అన్నాను. "మా ఆయన అన్నగారు. మా ఇంట్లో మిర్జా అనేది ఆయన్నే."

ఆవిడ రాసుకుంది. సంతకం పెట్టాను. దుంపనోటి మనిషి తల వంచుకుని, "అక్కా, మా అమ్మ కూడా మా పెదనాన్నని 'తెల్లగడ్డం' అనేది. నాకు అప్పుడు గుర్తు రాలేదు" అన్నాడు. బీమా కంపెనీయే కడుతుందని తేల్చారు. మెట్లు దిగుతుంటే మనసు తేలికపడింది. ఎప్పుడూ కొననిదాన్ని, ఐస్‌క్రీమ్ కొనుక్కుని నిలబడి తిన్నాను.

ఇంటికొచ్చేసరికి గుర్రాలు లేవు.

అల్మాటీ మాంసం వ్యాపారి లారీ పొద్దున్నే వచ్చిందట. నేను బస్సెక్కగానే. గుర్రప్పిల్లలతో సహా ఎక్కించి పంపేశారు బావగారు. పిల్లల్ని కట్టే తాడు పెరట్లో నేల మీద ఖాళీగా పరిచి ఉంది, దాని పక్కన చెక్క బాల్చీ.

"ఎందుకు?" అన్నాను.

"నాకోసం నువ్వు నలుగురిలో నా పేరు పలకాల్సి రావడం నేను చూడలేనమ్మాయ్. గుర్రాలు మళ్ళీ వస్తాయి, ఇంటి మర్యాద పోతే రాదు. హషిమ్‌జాన్‌కి ఇవ్వమని చుంజా వెళ్తున్న మా చిన్నాన్న చేతికి డబ్బు ఇచ్చి పంపాను."

"నేను చెప్పేసి వచ్చాను. కంపెనీ కడుతుంది" అన్నాను.

ఆయన నన్ను చూశారు. నేల చూశారు. "ఓహో" అన్నారు.

నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే, నన్ను ఒక్క మాట అడగకుండా నా మర్యాద కాపాడమని ఎవరు చెప్పారని అరవాలనిపించింది. పెద్దాయన కాబట్టి అరవలేదు. లోపలికి వెళ్ళి పిండి డబ్బా మూత గట్టిగా వేశాను. పిండి కొనలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

హషిమ్‌జాన్ మర్నాడే కట్టు చేత్తో వచ్చి డబ్బు వెనక్కిచ్చేశాడు. "కంపెనీ ఇస్తుంటే రెండో చేత్తో మీ దగ్గర తీసుకోవడమేంటి? ఆ చెయ్యి ఎలాగూ విరిగింది" అన్నాడు. బావగారు వ్యాపారికి ఫోన్ చేయడానికి పోస్టాఫీసుకి పరిగెత్తారు. చలికాలపు మాంసానికని అందరూ ముందే కొంటున్నారట. మన గుర్రాలు అప్పటికే కోతకి పోయాయట, ఒక్కటీ మిగల్లేదు.

డబ్బుంది, కొత్తవి కొనుక్కోవచ్చంటున్నారు ఊళ్ళోవాళ్ళు. కొంటారేమో. ఇప్పటికి మాత్రం పాలు పితికే వేళ కాగానే బాల్చీ పట్టుకుని బయటికెళ్తారు, ఆ తాడు దగ్గర కాసేపు కూర్చుని వస్తారు.

ఇవాళ కూడా అలాగే కూర్చున్నారు. టీ చల్లారిపోతోంది. గుమ్మంలో నిలబడి మిర్జా బావగారూ అని పిలవబోయాను. ఆ పేరు ఏదో కాగితం మీది పేరులా అనిపించి ఆగాను.

"తెమిర్బోలాత్ బావగారూ, టీ" అన్నాను.

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినపడింది. "ఎవరే నా కొడుకుని పేరు పెట్టి పిలిచింది?"

"నేనే అత్తమ్మా."

ఆమె కొత్త కళ్ళద్దాలతో గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. పెరట్లో వంగి కూర్చున్న కొడుకుని చూసింది. ఇప్పుడు నన్ను తిడుతుందని తల దించుకున్నాను.

"గట్టిగా పిలువు" అంది. "వాడికి వినపడలేదు."

త్వరగా రండి.

మీ ఉల్బొసిన్